పరిశోధకుడే పంతులు: ఫెలోషిప్‌లపై పోటీ పరీక్షల ప్రత్యేకం

పర్చూరులో నెట్, గేట్, గ్రూప్స్‌కు చదివేవాళ్లు ఫెలోషిప్ అనగానే డబ్బు లెక్క గుర్తుపెట్టుకుంటారు. దానితోపాటు వచ్చే బోధన బాధ్యతనూ చదవాలి.

2022 నవంబరులో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఏ సబ్జెక్టు పరిశోధక విద్యార్థి అయినా బోధనలో శిక్షణ పొందాలి. ట్యుటోరియళ్లు, ల్యాబ్ పని, మూల్యాంకనం వారానికి 4 నుంచి 6 గంటలు అప్పగించవచ్చు. ఒకేసారి ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి మించి గైడ్‌గా ఉండకూడదు. ఈ 8-6-4 వరుస నోటికి రావాలి.

ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్‌ను 2018-19 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ ప్రకటించారు. మొదటి రెండేళ్లు నెలకు రూ.70 వేలు, మూడో ఏడు రూ.75 వేలు, తర్వాతి రెండేళ్లు రూ.80 వేలు. ఏటా రూ.2 లక్షల గ్రాంటు అదనం. ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఈ ఫెలోలు ఉన్నారు. పాలిటెక్నిక్, ఐటీఐ, ఇంజినీరింగ్ కాలేజీల్లో వారానికోసారి పాఠం చెప్పడం వీరి విధి. పథకంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే: చిన్న ఊరి కాలేజీ పిల్లలకు పరిశోధకుడు ఎదురుగా నిలబడి పాఠం చెబుతాడు.

2025-26 బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ ఇదే పథకం కింద ఐదేళ్లలో ఐఐటీలు, ఐఐఎస్సీల్లో 10 వేల ఫెలోషిప్‌లు ఇస్తామన్నారు.