పి.ఎఫ్. డబ్బు

పి.ఎఫ్. అంటే భవిష్య నిధి. బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే మనకు నెలనెలా జీతంలో కొంత కోస్తారు. యజమాని కూడా తన వాటా కలుపుతాడు. దానికి వడ్డీ వస్తుంది. రెక్కలు ఆడని రోజున అదే ఆసరా.

"అక్కా, మూడేళ్ళు చేసి పని మానేశాను. పి.ఎఫ్. 60,000 ఉంది. మొత్తం తీసేసుకుంటా."

"తొందరపడకు చెల్లీ. 5 ఏళ్ళ సర్వీసు నిండక ముందే 50,000 గానీ అంతకు మించి గానీ తీస్తే నూటికి 10 చొప్పున పన్ను కోస్తారు. నీకు 6,000 దాకా పోతుంది. పాన్ నంబరు ఇవ్వకపోతే ఇంకా ఎక్కువ పోతుంది."

"మరి జబ్బుచేసి మానేస్తే?"

"జబ్బువల్ల పని పోయినా, ఫ్యాక్టరీ మూతపడినా ఆ పన్ను ఉండదు. కాగితాలు చూపాలి."

"వేరే ఫ్యాక్టరీలో చేరితే?"

"పాత డబ్బు కొత్త ఖాతాకు మార్పించుకో. పన్ను పడదు. పాత ఏళ్ళూ లెక్కకొస్తాయి."

పన్ను కట్టేంత ఆదాయం లేనివారు కోత వద్దని ముందే ఫారం రాసి ఇవ్వవచ్చు. ఏ ఫారమైనా చదివాకే సంతకం చేయండి.

చెప్పండి:
1. పన్ను కోత ఎప్పుడు ఉండదు?
2. నాలుగేళ్ళకే 70,000 తీస్తే ఎంత దాకా పోతుంది?