కప్ప తెలుపు హెచ్చరిక

రాయచోటి ప్రాంతమున వర్షములకు నిండిన కుంటలలో కప్పలు గ్రుడ్లు పెట్టును. నీరు తగ్గిన కొలది వేడెక్కును. అందు పొలముల పురుగుమందు చేరినచో, పలుచని చర్మము గల కప్పకు మరింత హాని కలుగును.

అట్టి బాధలో జీవకణములందలి ఉష్ణఘాత జన్యువులు మేల్కొని, కణమును రక్షించు మాంసకృత్తులను తయారుచేయించును. వేడి తగిలిన పండ్ల ఈగలలో ఈ మార్పును ఇటలీ శాస్త్రజ్ఞుడు రిటోసా 1962లో ప్రకటించెను. కప్పలలోను, తోకకప్పలలోను ఇది కలదు. దీనిని ప్రయోగశాలలో కొలిచినచో, కప్పలు చావకముందే వాటి బాధ తెలియును. కారణము వేడియో, విషమో తేల్చుటకు నీటి పరీక్షయు వలయును.

పంచాయతి సభ్యులు అంతవరకు వేచియుండ నక్కరలేదు. మందుచల్లు పంపులను, ఖాళీ డబ్బాలను కుంటలలో కడుగనీయరాదు. పురుగులను తిని పైరును కాచు కప్పను కాపాడుట రైతును కాపాడుటయే.