ముసురు ఏ ఊళ్ళో ఎక్కువ?

ముసురు పట్టిన రోజున ఆబిడ్స్ దుకాణాలలో పట్టపగలే దీపాలు వెలుగుతాయి. లండన్ కూడా ముసురుకు పేరుపడ్డ నగరమే. రెండింటిలో ఏది ఎక్కువ మబ్బు ఊరు?

వర్షపాతం చూసి తీర్పు చెప్పకండి. ఏడాదికి హైదరాబాదులో సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. లండన్‌లో సుమారు 600 మాత్రమే! మన వాన చాలావరకు నాలుగు నెలల్లో జడివానగా కురిసి వెలుస్తుంది. అక్కడ ఏడాది పొడుగునా తుంపర, మబ్బు.

కనుక ఎండనే కొలవాలి. ఇందుకు కాంప్‌బెల్ 1853లో రూపొందించగా 1879లో స్టోక్స్ మెరుగుపరచిన సాధనం ఉంది. అందులోని గాజుగోళం భూతద్దంలా ఎండను ఒకచోట చేర్చి, వెనుకనున్న అట్టను కాలుస్తుంది. సూర్యుడు కదిలేకొద్దీ కాలిన గీత సాగుతుంది. మబ్బు కమ్మితే తెగుతుంది. గీత పొడవును బట్టి ఎండ ఎన్ని గంటలు కాసిందో తెలుస్తుంది. ఎంత చక్కని ఉపాయం!

ఈ లెక్కన లండన్‌కు ఏడాదికి సుమారు 1,600 గంటలు, మనకు 2,500కు పైగా. కాని జూలైలో లెక్క తలకిందులవుతుంది! మనకు సుమారు 140 గంటలు, లండన్‌కు 200 పైచిలుకు. అప్పుడు మనపై నైరుతి మేఘాలుంటాయి, వారికి పగలు దాదాపు 16 గంటలుంటుంది.

గాజుగోళం లేకున్నా మీరు మబ్బును కొలవవచ్చు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ వంటి తెరపి చోట నిలబడి, ఆకాశాన్ని ఎనిమిది భాగాలుగా ఊహించుకోండి. ఎన్ని భాగాలు మబ్బు కప్పిందో రోజూ ఒకే వేళకు రాసుకోండి. సూర్యునివైపు మాత్రం నేరుగా చూడకండి.