ఉపగ్రహ పంట చిత్రాలు – డిజిటల్ నిల్వ ప్రమాణాల గణన

శంషాబాద్ విమానాశ్రయ ప్రాంతం దాటి బెంగళూరు జాతీయ రహదారి వెంట దక్షిణంగా వెళితే షాద్‌నగర్ వస్తుంది. ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం అక్కడి భూకేంద్రంలో ఉపగ్రహ సమాచారాన్ని స్వీకరించి భద్రపరుస్తుంది. పంట విస్తీర్ణం, కరవు, వరద నష్టం అంచనాలకు ఈ చిత్రాలు ఆధారం. వీటిని వినియోగించేవారు నిల్వ ప్రమాణాలను సరిగా గ్రహించనిచో, సీజన్ మధ్యలో స్థలం చాలక పాత చిత్రాలను తొలగించవలసి వస్తుంది. అప్పుడు పంట ఎదుగుదలను తేదీల వారీగా పోల్చే అవకాశం పోతుంది.

ప్రమాణాలు

0 లేదా 1 అనే విలువను నిలుపుకొనే అతి చిన్న ప్రమాణం బిట్. 8 బిట్లు ఒక బైట్. దశాంశ పద్ధతిలో 1000 బైట్లు ఒక కిలోబైట్; ఆపై మెగా, గిగా, టెరాబైట్లు ఒక్కొక్కటి వెయ్యి రెట్లు. ద్విసంఖ్యా పద్ధతిలో ప్రతి మెట్టూ 1024 రెట్లు. ఈ అయోమయాన్ని తొలగించుటకు అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో ద్విసంఖ్యా ప్రమాణాలకు కిబిబైట్, మెబిబైట్ వంటి పేర్లు నిర్ణయించింది. అయినను విండోస్ 1024 లెక్కనే పాటిస్తూ పాత పేర్లు వాడుతున్నందున, 1 టెరాబైట్ డిస్కు 931 గిగాబైట్లుగా కనిపిస్తుంది. ఇది డిస్కు లోపం కాదు.

ఒక చిత్రం పరిమాణం

2011 ఏప్రిల్ 20న ప్రయోగించిన రిసోర్స్‌శాట్-2లోని లిస్-3 కెమెరా 141 కిలోమీటర్ల వెడల్పును 23.5 మీటర్ల పిక్సెళ్లతో చిత్రిస్తుంది. 141 కిలోమీటర్ల చదరపు చిత్రంలో వరుసకు 6000 చొప్పున 6000 వరుసలు, అనగా 3.6 కోట్ల పిక్సెళ్లు ఉంటాయి. ఆకుపచ్చ, ఎరుపు, సమీప పరారుణ, లఘు తరంగ పరారుణ పట్టీలు నాలుగు. పిక్సెల్ విలువ 10 బిట్లదైనను ఫైలులో 2 బైట్ల స్థలం పొందుతుంది. కావున చిత్ర పరిమాణం 3.6 కోట్లు × 4 × 2 = 28.8 కోట్ల బైట్లు, అనగా 288 మెగాబైట్లు. విండోస్‌లో ఇది సుమారు 275గా కనిపిస్తుంది.

దీని నుండి రూపొందించిన వృక్ష సూచిక చిత్రంలో పిక్సెల్‌కు 4 బైట్లు కేటాయిస్తే మరో 144 మెగాబైట్లు అవసరం. లిస్-4 కెమెరా పిక్సెల్ 5.8 మీటర్లు కనుక, అదే విస్తీర్ణానికి పిక్సెళ్ల సంఖ్య సుమారు 16 రెట్లు పెరుగుతుంది.

జాగ్రత్తలు

ఇంటర్నెట్ వేగాన్ని బిట్లలోనూ, ఫైలు పరిమాణాన్ని బైట్లలోనూ చెబుతారు. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో 288 మెగాబైట్లు దిగుమతి అగుటకు కనీసం 23 సెకన్లు పడుతుంది.

స్థలం ఆదా కొరకు 10 బిట్ల విలువలను 8 బిట్లకు కుదించరాదు. 1024 స్థాయిలు 256కు తగ్గి, ప్రతి నాలుగు స్థాయిలు ఒకటిగా కలిసిపోతాయి. పైరుపై ఒత్తిడిని తొలిదశలో తెలిపే స్వల్ప భేదాలు చెరిగిపోవచ్చు. సమాచారాన్ని నష్టపరచని కుదింపు పద్ధతినే ఎంచుకోవాలి. పిక్సెళ్లు, పట్టీలు, బైట్లు, తేదీల సంఖ్యలను గుణించి, నకలు ప్రతికి అంతే స్థలం కలిపి, సీజన్‌కు ముందే నిల్వను సమకూర్చుకోవాలి.