కీళ్లపై అతిధ్వనుల ప్రభావము

పెన్నలో తల ముంచి, దూరముగా ఎవరైనా రెండు రాళ్లు తట్టగా విన్నవారికి నీటిలో శబ్దమెంత స్పష్టముగా వచ్చునో తెలిసియే యుండును. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు, నీటిలో సుమారు 1500 మీటర్లు సాగును. మన దేహములో అధికభాగము నీరే కనుక మాంసములోను ఇంచుమించు అదే వేగము. అల్ట్రాసౌండ్ చికిత్సకు ఇదియే ఆధారము.

మన సంగం ప్రాంతమున నాట్లు వేసి, కలుపు తీసి మోకాళ్లు పట్టుకొనిపోయిన తల్లులెందరో కలరు. ఉర్దూ మిత్రులు జోడోఁ కా దర్ద్ అన్నను, మేము కీళ్ల నొప్పి అన్నను బాధ ఒకటే. వారిలో కొందరు కూలి పోగొట్టుకొని, నెల్లూరు బస్సెక్కి, "కరెంటు" పెట్టించుకొని వత్తురు. నిజమునకు అది కరెంటు కాదు. విద్యుత్తు యంత్రములోని స్ఫటికమును కంపింపజేయును. దేహమునకు చేరునది ఆ కంపనము మాత్రమే. స్ఫటికమును నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి. దాని విపర్యయమే ఇచట పనిచేయుచున్నది. 1917 ప్రాంతమున లాంజెవిన్ జలాంతర్గాములను పసిగట్టుటకు ప్రయోగములు చేయుచు, ఆ ధ్వనులకు నీటిలోని చేపలు చచ్చుట గమనించెను. జీవులపై వాని ప్రభావము అట్లు తెలియవచ్చినది.

మన చెవి 20,000 హెర్ట్జ్ దాటిన ధ్వనిని వినలేదు. చికిత్సలో వాడునవి 10 లక్షలు, లేదా 30 లక్షల హెర్ట్జ్ ధ్వనులు. మొదటివి లోతుకు పోవును, రెండవవి పైపొరలలోనే ఇంకిపోవును. చర్మమునకు, యంత్రమునకు నడుమ గాలి యున్నచో ధ్వని వెనుకకు మరలును గనుక జెల్ పూయుదురు. ఎముక ధ్వనిని ఎక్కువగా పీల్చి వేడెక్కును గనుక యంత్రపు తలను ఒకచోట నిలుపక కదుపుచుందురు. లోపల మంట పుట్టినచో రోగి వెంటనే చెప్పవలెను. మధుమేహముచే స్పర్శ తగ్గినవారు అది చెప్పలేరు గనుక వారికి ప్రమాదమెక్కువ. గర్భిణుల పొట్టపైన, క్యాన్సర్ గడ్డలపైన దీనిని వాడరాదు.

అసలు విషయమునకు వత్తము. కీలు తొడుగులోను, స్నాయువులలోను ఉండు కొల్లాజెన్ పోగులు 40 నుండి 45 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కినపుడు సాగు గుణము పొందును. ఆ వేడి కొద్ది నిమిషములలోనే చల్లారును. సాగదీయవలసినది ఆ నిమిషములలోనే. పడుకొని పెట్టించుకొని, లేచి బస్సెక్కినవారికి ఆ గుణము వృథాయే. ఖర్చు మాత్రము మిగులును.

యంత్రమొక్కటే చేయగలది స్వల్పమని పరిశోధకులే చెప్పుచున్నారు. 2001లో రాబర్ట్‌సన్, బేకర్ 35 ప్రయోగములు పరిశీలింపగా పద్ధతి సరిగా నున్నవి 10 మాత్రమే. వానిలో ఉత్తుత్తి చికిత్స కంటె మేలు చూపినవి రెండే. మోకాలి అరుగుదలపై 2010లో వెలువడిన కాక్రేన్ సమీక్షలో 5 చిన్న ప్రయోగములు, 341 మంది రోగులు. కొంత మేలు ఉండవచ్చునని, ఆధారము బలహీనమని తేల్చిరి.

మన జిల్లాకు మరియొక చిక్కు గలదు. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు చెడుటను షార్ట్, ఆయన సహచరులు 1937లో నెల్లూరు ప్రాంతముననే వర్ణించిరి. ఆ వ్యాధిలో స్నాయువులే సున్నము పట్టి గట్టిపడును. అట్టి బిగువును ఏ ధ్వనియు కరిగింపదు. కనుక చికిత్సకు ముందు ఎక్స్‌రే చూచి, బిగుసుకొన్నది మెత్తని కణజాలమా, ఎముకయా అని తేల్చుకొనుట మేలు.

మంచపు అంచున కూర్చుండి, మోకాలు నెమ్మదిగా చాచి, ఐదు లెక్కించి దించు వ్యాయామమును ఫిజియోథెరపిస్టు వద్ద ఒకసారి నేర్చుకొన్నచో ఇంటిలోనే ప్రతిదినము చేయవచ్చును. దానికి బస్సు ఛార్జీ లేదు.