విజ్ఞాపన పత్రము వ్రాయుటకు ముందు

విద్యావిషయమున ప్రజాభిప్రాయము తెలిసికొనుటకై అధికారులు సభ జరుపనున్నారని ప్రకటన వెలువడగానే మనవారు చేయు మొదటి పని సంతకముల సేకరణము. సంతకములు వలదని కాదు. అవి మాత్రమే చాలవు.

1953లో నియమింపబడిన రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ సంఘమునకు 1,52,250 పత్రములు అందినవి. వానిలో చక్కగ ఆలోచించి వ్రాసినవి సుమారు 2,000కు మించవని ఆ సంఘమే 1955 నాటి తన నివేదికలో తెలిపినది. అనగా నూటికి రెండైనను లేవు. మన పత్రము ఆ కొద్దిపాటిలో చేరవలెనన్నచో ఏమి చేయవలెను?

మొదటిది, ప్రకటనను పూర్తిగ చదువవలెను. కడపటి తేది యేది, ఏ యంశముపై అభిప్రాయము కోరుచున్నారు, ఏ వాక్యము మనకు బాధకము అను మూడింటిని గుర్తింపవలెను. 2019 మే నెలాఖరున వెలువడిన జాతీయ విద్యావిధానపు ముసాయిదాలో హిందీబోధనను గూర్చిన వాక్యముపై ఆక్షేపణలు రాగా, జూన్ 3వ తేదీననే దానిని మార్చిరి. ఫలానా వాక్యమని వేలుపెట్టి చూపినందున మార్పు సులభమైనది.

రెండవది, హక్కును తెలిసికొనవలెను. ప్రాథమిక దశలో భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగపు 350-ఎ అధికరణము రాష్ట్రములను కోరుచున్నది. పాఠశాలలో 40 మందిగాని, తరగతిలో 10 మందిగాని అట్టి విద్యార్థులున్నచో ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము తీర్మానించినది.

మూడవది, లెక్క. తరగతివారీగ తెలుగు బిడ్డలెందరు? వచ్చే యేడు చేరబోవువారెందరు? ఖాళీగనున్న ఉపాధ్యాయ పదవులెన్ని? పాఠ్యపుస్తకములు ఏ నెలలో అందినవి? ఇందు తల్లిదండ్రుల బాధ్యత యొకటి కలదు. ప్రవేశపత్రమున మాతృభాష యనుచోట, సౌకర్యము కొఱకు వేఱొక భాష వ్రాయించినచో ఆ బిడ్డ మన లెక్కనుండి తొలగిపోవును. అట్లు పదిమందిలో ఒకడు తగ్గినను తెలుగు తరగతియే ప్రశ్నార్థకమగును. పిదప సభలో ఎంత ఆవేశముగ మాటలాడినను ఆ లోటు తీరదు.

నాల్గవది, వక్తల నియమము. ఒకరు ఒక్క యంశమునే చెప్పవలెను. రాష్ట్రభాష బాగుగ నెఱిగినవారొకరు తప్పక యుండవలెను. "మీ పిల్లలకు రాష్ట్రభాష వలదా?" యని యడుగుదురు. వలయును, మాతృభాష పునాదిగ దానిని మఱింత బాగుగ నేర్తురని శాంతముగ బదులు చెప్పవలెను. సభకు ముందే ఇరుగుపొరుగు వారికి మన కోరిక యిదియని తెలిపినచో అపోహకు తావుండదు.

తుదకు, పత్రమిచ్చి రశీదు గైకొని ప్రతిని పాఠశాలలో భద్రపఱుపుడు. న్యాయము జరుగనిచో 350-బి అధికరణము ననుసరించి రాష్ట్రపతి నియమించు భాషాల్పసంఖ్యాకుల ప్రత్యేకాధికారికి ఆ ప్రతితోనే మొఱపెట్టుకొనవచ్చును.

సభ ప్రకటింపబడువఱకు వేచియుండ నవసరము లేదు. మీ బిడ్డ ప్రవేశపత్రమున మాతృభాష యేమని వ్రాయబడినదో ఈ వారమే చూచికొనుడు.