పాత జీపులకును లారీలకును చమురు టాంకీ మార్చుట

కొందఱు రైతుల యిండ్ల యందు తాతల నాటి జీపులును లారీలును నేటికిని పనిచేయుచున్నవి. 1941 మొదలు 1945 వఱకు యుద్ధమునకై తయారైన విల్లిస్ జీపునందు పెట్రోలు టాంకీ డ్రైవరు సీటు క్రిందనే యుండును. అందు సుమారు 57 లీటర్లు పట్టును. 1954 నుండి జంషెడ్‌పూరులో తయారైన టాటా-మెర్సిడిస్ లారీల వంటి వానికి డీజిలు టాంకీ ఛాసిస్ ప్రక్కను ఇనుప పట్టీలతో బిగింపబడును. ఇంజను ఎంత గట్టిదైనను టాంకీ రేకు మాత్రము కాలక్రమమున చెడును.

తుప్పు తఱచుగా లోపలినుండియే పుట్టును. సగము ఖాళీగా నుంచిన టాంకీలోని గాలి రాత్రివేళ చల్లబడగా అందలి తేమ బొట్లుగా రేకు నంటి క్రిందికి జాఱును. నీరు చమురుకంటె బరువైనది గనుక అడుగున నిలిచి రేకును తినుచుండును. పూర్వపు టాంకీలలో చాలవానికి సీసము, తగరము కలిపిన పూత యుండెడిది. ఆ పూత పోయినచోట ఉక్కు త్వరలో చిల్లుపడును. వెలుపల, పట్టీకిని రేకునకును నడుమ చేరిన బురదయు పేడయు అదే పని చేయును. నూటికి 20 పాళ్లు ఎథనాలు కలిసిన పెట్రోలు 2023 నుండి బంకులకు వచ్చినది. ఇది తేమను పీల్చును. హద్దు మీఱినప్పుడు నీరును ఎథనాలును కలిసి పెట్రోలునుండి విడిపోయి అడుగునకు దిగును. పాత రబ్బరు గొట్టములనుగూడ మెత్తపఱచును.

ఫిల్టరులో ఎఱ్ఱని పొడి కనబడుట, బండి నడుమనడుమ ఆగిపోవుట, సీటు క్రింద పెట్రోలు వాసన వచ్చుట, టాంకీ అడుగున తడి మరక యుండుట, ఇవి గుఱుతులు.

చిల్లు కనబడగనే టాంకీని ఖాళీచేసి వెల్డింగు దుకాణమునకు గొనిపోవుట పల్లెలలో వాడుక. వెల్డింగు కూలి క్రొత్త టాంకీ వెలలో స్వల్పభాగమే గాన ఆ యాశ సహజమే. కాని ఖాళీ టాంకీ నిండు టాంకీకంటె అపాయకరము. నిండు టాంకీలో ఆవిరికి చోటు తక్కువ. ఖాళీదానిలో ఆవిరి గాలితో కలిసి మందుగుండువలె సిద్ధముగా నుండును. గాలిలో నూటికి ఒకటిన్నర పాలు పెట్రోలు ఆవిరి యున్నను నిప్పు తగిలినచో పేలును. ఒకటి రెండు మాఱులు నీటితో కడిగినను అతుకులలోను తుప్పు పొరలలోను దాగిన చమురు వేడికి మరల ఆవిరియగును. డీజిలు టాంకీకిని ఇదియే వర్తించును. ఇట్లు ప్రాణములు పోయిన సంగతులు కలవు. అదిగాక, ఒకచోట చిల్లుపడినచో చుట్టుపట్ల రేకు కాగితమువలె పలుచబడియే యుండును, మాటు నిలువదు.

టాంకీ విప్పుటకు ముందు బాటరీ తీగలలో బండి బాడీకి బిగించినదానిని మొదట తీయవలెను. పని ఆరుబయట, పొయ్యికిని బీడీకిని దూరముగా జరుగవలెను. చమురును నోటితో పీల్చి తీయరాదు. చేతిపంపుతో ఇనుప డబ్బాలోనికి తోడవలెను. క్రొత్తది అమరువఱకు పాత టాంకీని పాఱవేయరాదు. మూతి స్థానము, గేజి రంధ్రము, చమురు లాగు గొట్టము పొడవు రెంటిని ప్రక్కప్రక్కన నుంచి పోల్చవలెను. ఆ గొట్టము అడుగున కానక, కొంచె మెత్తుగా నుండవలెను. డీజిలునకు జింకు పూత రేకుతో టాంకీ చేయించుట తగదు. జింకు డీజిలుతో కలిసి మడ్డి పుట్టించి ఫిల్టరును మూయును.

పట్టీల క్రింద గోనె ముక్కలకు మాఱుగా నీరు పీల్చని రబ్బరు నుంచవలెను. అయితే రబ్బరును క్రొత్త రంగును అడ్డుపడుటచే గేజి పనిచేయకపోవచ్చును. అప్పుడు టాంకీనుండి ఛాసిస్‌కు వేఱొక తీగ కలుపవలెను. మూతకు గాలి రంధ్రము కలదో లేదో పాతదానితో సరిచూడవలెను. రంధ్రముండవలసిన చోట లేనిచో, చమురు తగ్గినకొలది లోపల గాలి చాలక బండి ఆగును.

మొదట నాలుగైదు లీటర్లు మాత్రమే పోసి, అతుకులయొద్ద కాఱుటలేదని కొన్ని గంటలు చూచినపిమ్మట తక్కినది నింపవలెను. డీజిలు బండిలో ఫిల్టరు మీది మరను వదులుచేసి, బుడగలు లేని డీజిలు వచ్చువఱకు చేతిపంపు కొట్టి, మర బిగించి, అటుపిమ్మట స్టార్టు చేయవలెను. మొదటి నెలలో ఫిల్టరును రెండు మాఱులైనను విప్పి చూడవలెను.